మా గానుగ నూనె షాపు వెబ్‌సైట్ చేసినవాళ్ళ రివ్యూ: బిల్లుతోపాటు మాడ్యూల్స్ లైసెన్సుల కాగితం కూడా ఇచ్చినారు

ముందే చెప్పేస్తా, నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. డిజైన్ బాగుంది, స్పీడ్ బాగుంది అని రాసే రివ్యూలు చాలానే ఉంటాయి కాబట్టి వాటిని రెండు ముక్కల్లో ముగించేసి, వీళ్ళు చేసిన ఒక పని గురించి మాత్రం వివరంగా రాస్తా. మన ఊర్లో వెబ్‌సైట్ చేయించుకునే చిన్న షాపులవాళ్ళకి ఈ విషయం ఎవరూ చెప్పట్లేదు, చెప్పకపోయేసరికి దుడ్లు ఊరికే పోతాండాయి.

మా చిన్నాయనకి అనంతపురం పాతూరులో గానుగ నూనె షాపు ఉంది. శెనక్కాయ నూనె, నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ఇంకా బెల్లం చిక్కీలు. ఆన్‌లైన్ ఆర్డర్లు ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్‌లో సెటిలైన మనవాళ్ళ నుంచే వస్తాయి. సైటు వర్డ్‌ప్రెస్ అనే సైట్లు తయారుచేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద ఉంది, అమ్మకాల భాగం వూకామర్స్, దానిమీద మళ్ళీ షిప్పింగ్‌కి ఒకటి, పేమెంట్‌కి ఒకటి, బ్యాకప్‌కి ఒకటి అని రకరకాల వాళ్ళు రాసిన ప్లగిన్లు, అంటే సైటుకి తగిలించుకునే అదనపు ముక్కలు, వీటినే మాడ్యూల్స్ అని కూడా అంటారు. చేసినవాళ్ళు సాయినగర్‌లో ఒక ఇంటి మేడమీద కూర్చుని పనిచేసే ఇద్దరు పిల్లలు, ఇక్కడి జేఎన్‌టీయూలోనే చదువుకున్నారు. చేతిలో ఉన్న పనులే ఎక్కువగా ఉన్నాయి, ఇప్పుడు కొత్తవి తీసుకోలేం, పేరు రాయొద్దక్కా అన్నారు కాబట్టి రాయట్లేదు.

సైటు అప్పజెప్పేటప్పుడు బిల్లుకి పిన్ కొట్టి రెండు పేజీల కాగితం ఇచ్చినారు. అందులో ఒక టేబుల్. సైట్లో ఉన్న ప్రతి మాడ్యూల్ పేరు, వర్షన్, ఎవరు రాసినారు, ఏ లైసెన్స్ కింద వచ్చింది, ఫ్రీదా కొన్నదా, కొన్నదైతే దాని కీ (కొన్నామని చూపే నంబర్) ఎవరి ఈమెయిల్ మీద ఉంది, రెన్యూవల్ ఎప్పుడు, రెన్యూవల్ చేయకపోతే ఏం ఆగిపోతుంది, ఏం ఆగదు. ఈ ఆఖరి కాలమ్ ఒక్కటి చాలు వీళ్ళకి నాలుగు స్టార్లు ఇవ్వడానికి. ఉదాహరణకి షిప్పింగ్ ప్లగిన్ వరసలో ఇట్లా రాసుంది (జీపీఎల్ అంటే కోడ్ వాడుకోనిచ్చే, మార్చుకోనిచ్చే, పంచుకోనిచ్చే లైసెన్స్, వివరం కింద చెప్తా): లైసెన్స్ జీపీఎల్ వెర్షన్ 2 ఆర్ లేటర్, కొన్నది, కీ షాపు ఈమెయిల్ మీద, సంవత్సరం తర్వాత కట్టకపోతే అప్‌డేట్లు, సపోర్ట్ ఆగుతాయి, ప్లగిన్ పనిచేయడం ఆగదు, కోడ్ వాడుకునే హక్కు పోదు.

చిన్నాయన ఆ లైను వేలుపెట్టి రెండుసార్లు చదివినాడు. ఎందుకంటే అంతకుముందు సైటు చేసిన సంస్థ ఇదే విషయంలో ఆయన్ని చాలా ఇబ్బంది పెట్టింది.

ఆ సంస్థ పేరు చెప్పను, దాని సంగతి మాత్రం చెప్పాలి. థీమ్ (సైటుకి రూపం ఇచ్చే డిజైన్) కొన్నాం, ప్లగిన్లు కొన్నాం అని బిల్లులో వేసినారు. తీరా చూస్తే థీమ్ కీ వాళ్ళ పేరు మీదే ఉంది, అదే ఒక్క కీతో ఇంకా చాలా షాపుల సైట్లు నడుపుతాండారు. పెద్ద థీమ్ మార్కెట్లలో మామూలు లైసెన్స్ అంటే ఒక్క సైటుకే, ఇంకో షాపుకి వాడాలంటే ఇంకోటి కొనాలి, ఆ విషయం కొనే పేజీలోనే రాసి ఉంటుంది. రెండు ప్లగిన్లయితే కొన్నవి కూడా కాదు, నల్డ్ కాపీలు, అంటే లైసెన్స్ చెక్ చేసే కోడ్ ఎవరో పీకేసి నెట్లో పెట్టినవి. ల్యాప్‌టాప్‌లో సైటు బాగానే కనిపించేది, ఫోన్లో ఓపెన్ చేస్తే మాత్రం కొన్నిసార్లు పేకాట బెట్టింగ్ సైట్‌కి పోయేది. కస్టమర్లు చిన్నాయనకి ఫోన్ చేసి "ఏమన్నా నూనె అంగడి నొక్కితే రమ్మీ వస్తాంది" అంటే ఆ మనిషికి ఎంత తలవంపులో ఆలోచించండి.

ఇక వాళ్ళు సొంతంగా రాసిచ్చిన మాడ్యూల్ ఒకటి ఉంది. అది మా దుడ్లతో మాకోసం రాయించుకున్నది. దాని ఫైల్ తెరిస్తే పైన అయాన్‌క్యూబ్ లోడర్ (తాళం వేసిన కోడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉందా అని చూసే ఒక లైను, దాని కింద స్క్రీన్ నిండా అర్థంకాని అక్షరాల ముద్ద. ఎన్‌కోడ్ చేసేసినారు. ఇంకొకరి దగ్గర సైటు చూపించుకుంటాం అంటే "కోడ్ మాది, ఇవ్వం, కావాలంటే మళ్ళీ కట్టండి" అన్నారు. వేరేవాళ్ళు రాసిన ఫ్రీ ప్లగిన్లలో కూడా పైన రాసినవాళ్ళ పేరు తీసేసి వీళ్ళ కంపెనీ పేరు పెట్టుకున్నారు.

చిన్నాయన అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తు. "పాపా, రైతు శెనక్కాయలు తెచ్చి మన గానుగలో ఆడించుకుంటే మనం ఆడించిన కూలి తీసుకుంటాం, నూనె రైతుదే కదా, మరి ఇదేందిది?" కొత్తగా పనికి పెట్టుకున్న పిల్లల్లో ఒకతను దానికి జవాబు చెప్పడానికి ఆ సాయంత్రమంతా షాపులోనే కూర్చున్నాడు. తను చెప్పింది, నేను తర్వాత చదువుకుని సరిచూసుకుంది కలిపి రాస్తాండా, ఎందుకంటే వీళ్ళ సర్వీస్‌లో నాకు బాగా నచ్చింది ఈ చెప్పే ఓపికే.

వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది, అది కూడా బీ2 అనే పాత బ్లాగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఫోర్క్ చేసి, అంటే దాని కోడ్ తీసుకుని విడిగా నడిపి, మొదలుపెట్టిందే. లైసెన్స్ జీపీఎల్ వెర్షన్ 2 లేదా ఆ తర్వాతది. ఈ జీపీఎల్ అనేది రిచర్డ్ స్టాల్‌మన్ రాసింది, మొదటిది 1989లో, రెండో వెర్షన్ 1991లో, మూడోది 2007లో వచ్చినాయి. దాని షరతు సూటిగా చెప్పాలంటే, నువ్వు వాడుకో, మార్చుకో, అమ్ముకో, ఇంకొకరికి ఇవ్వు, కానీ ఇచ్చినప్పుడు నీకొచ్చిన హక్కులన్నీ వాళ్ళకీ ఇవ్వాలి, సోర్స్ కోడ్, అంటే మనిషి రాసిన అసలు కోడ్, కూడా ఇవ్వాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తిరకాసంతా మూడోవాళ్ళు రాసిన మాడ్యూల్స్ దగ్గరే వస్తుంది. వర్డ్‌ప్రెస్ వాళ్ళదేమో వర్డ్‌ప్రెస్, నేను రాసిన ప్లగిన్ నాది, దానికి జీపీఎల్ ఎందుకు తగలాలి అని రాసినవాళ్ళు అడుగుతారు.

వర్డ్‌ప్రెస్ వాళ్ళ వాదన ఏందంటే, ప్లగిన్ విడిగా నడవదు, వర్డ్‌ప్రెస్ ఫంక్షన్లని పిలుస్తుంది, దాని డేటానే పంచుకుంటుంది, రెండూ కలిసి ఒకే ప్రోగ్రాంలా మెమరీలో నడుస్తాయి కాబట్టి ప్లగిన్ కూడా దానినుంచి పుట్టిందే, బయటికి ఇస్తే జీపీఎల్ కిందే ఇవ్వాలి. వర్డ్‌ప్రెస్ లాంటివే అయిన డ్రూపల్, జూమ్లా వాళ్ళు కూడా తమ మాడ్యూల్స్ గురించి ఇదే మాట అంటారు. 2009లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడం లా సెంటర్ లాయర్లు థీమ్స్ మీద అభిప్రాయం ఇస్తూ, థీమ్‌లో పీహెచ్‌పీ కోడ్ (సర్వర్‌లో నడిచేది) జీపీఎల్ కిందికి వస్తుంది, బొమ్మలు, సీఎస్‌ఎస్ (రంగులు, అమరిక చెప్పేది) మాత్రం విడిగా ఉండొచ్చు అన్నారు. మరుసటి సంవత్సరమే థీసిస్ అనే థీమ్ మీద పెద్ద గొడవైంది, చివరికి ఆ థీమ్ రాసినాయన పీహెచ్‌పీ భాగాన్ని జీపీఎల్ చేసి మిగతాది తన దగ్గర పెట్టుకున్నాడు. అందుకే ఇప్పుడు మార్కెట్లో స్ప్లిట్ లైసెన్స్ అని కనిపిస్తుంది, కొన్న థీమ్‌లో కోడ్ ఒక లైసెన్స్, బొమ్మలు డిజైన్ ఇంకో లైసెన్స్. ఈ పుట్టిందా పుట్టలేదా అన్న లెక్క అందరు లాయర్లూ ఒప్పుకునేది కాదు, ఆ పిల్లలు ఆ మాట కూడా దాచకుండా చెప్పినారు.

చిన్నాయన వెంటనే అడిగినాడు, అట్లయితే దుడ్లు ఎందుకు తీసుకుంటారు, ఫ్రీ కదా అని. ఫ్రీ అంటే ఊరికే ఇవ్వాలని కాదు. జీపీఎల్ సాఫ్ట్‌వేర్‌ని ఎంతకైనా అమ్ముకోవచ్చు, లైసెన్స్‌లోనే ఉంది ఆ మాట. కానీ కొన్నవాడు దాన్ని ఇంకొకరికి ఇచ్చినా ఆపలేరు. కాబట్టి ప్లగిన్ అమ్మేవాళ్ళు నిజంగా అమ్మేది అప్‌డేట్లు, సపోర్ట్, కొన్నిచోట్ల వాళ్ళ సర్వర్ సేవ. స్పామ్ ఆపే అకిస్మెట్ చూడండి, ప్లగిన్ కోడ్ మొత్తం జీపీఎల్, ఎవరైనా దింపుకోవచ్చు, కానీ కామెంట్ స్పామా కాదా అని తేల్చేది వాళ్ళ సర్వర్, దానికి కీ కావాలి. పేమెంట్ గేట్‌వేలదీ ఇదే పద్ధతి, కోడ్ మీ చేతిలో ఉన్నా సేవ వేరే ఒప్పందం.

అందుకే నల్డ్ ప్లగిన్ విషయంలో ఒక చిన్న తేడా గమనించాలి. పూర్తిగా జీపీఎల్ కింద ఉన్న ప్లగిన్‌లో కీ చెక్ పీకేసి ఇంకొకరికి ఇవ్వడం కాపీరైట్ ప్రకారం తప్పు అని తేల్చలేం, ఆ లైసెన్స్ మార్చుకోనిస్తుంది. స్ప్లిట్ లైసెన్స్ ఉన్నదయితే తప్పే. కానీ అసలు ప్రమాదం అది కాదు, ఆ పీకేసినవాడు ఇంకేం పెట్టినాడో మనకి తెలియదు, మా సైట్లో పెట్టింది ఆ బెట్టింగ్ లింకే. పైగా పాత సంస్థ దాన్ని మాకు "కొన్నాం" అని బిల్లు వేసి ఇచ్చింది, అది మాత్రం ఏ లైసెన్స్ కాపాడదు.

ఇక పేర్లు తీసేసిన సంగతి. ఫ్రీగా ఇచ్చినదానికి షరతులేంది అనుకునేవాళ్ళు ఒక కేసు తెలుసుకోవాలి. బొమ్మ రైళ్ళ సెట్లు కంప్యూటర్‌తో నడిపే జేఎంఆర్‌ఐ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఫైళ్ళు ఒక కంపెనీ తీసుకుని రాసినవాళ్ళ పేర్లు, కాపీరైట్ నోటీసులు లేకుండా తన ప్రోడక్ట్‌లో వాడుకుంది. జేకబ్‌సెన్ వర్సెస్ కాట్‌జర్ కేసు, 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు చెప్పింది, ఊరికే ఇచ్చినా సరే లైసెన్స్‌లో పెట్టిన షరతులు మీరితే అది కాపీరైట్ ఉల్లంఘనే అవుతుంది అని. అది అమెరికా తీర్పు, మన కోర్టుల్ని కట్టిపడేయదు, కానీ ఎవరో రాత్రింబవళ్ళు కూర్చుని రాసింది మనం ఊరికే వాడుకుంటూ కనీసం పేరు కూడా ఉంచకపోవడం ఏం న్యాయం? కొత్తవాళ్ళు పాత సైట్లో మార్చేసిన ప్రతి ఫైల్ తీసేసి అసలు కాపీలు దింపి పెట్టినారు, రాసినవాళ్ళ పేర్లు మళ్ళీ వచ్చినాయి. ఎవరూ అడగని పని అది, అడక్కుండానే చేసినారు.

ఇప్పుడు మా దుడ్లతో రాయించుకున్న మాడ్యూల్ ఎవరిది అన్న ప్రశ్న, ఇది అందరూ చదవాల్సిన భాగం. మన 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచన కిందే లెక్క. సెక్షన్ 17 ప్రకారం రాసినవాళ్ళే మొదటి ఓనర్. ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాస్తే యజమానిది అవుతుంది, కానీ బయటి సంస్థకి పని అప్పజెప్పి దుడ్లు ఇచ్చినంత మాత్రాన అది మనది అయిపోదు, రాతపూర్వకంగా, సంతకంతో రాసివ్వాలి. అది సెక్షన్ 19. ఆ రాసిచ్చే కాగితంలో కూడా ఎంతకాలం అని లేకపోతే 5 ఏళ్ళే అనుకుంటారు, ఎక్కడెక్కడ అని లేకపోతే ఇండియా వరకే అనుకుంటారు. బిల్లు కట్టేసినాం కదా మనదే అనుకునే షాపు ఓనర్లు ఎంతమంది ఉంటారో.

మరి జీపీఎల్ ఉంది కదా, పాత సంస్థ కోడ్ ఇవ్వాల్సిందే కదా అని నేనూ అడిగినా. వర్డ్‌ప్రెస్ వాదన ప్రకారం అయితే ఇవ్వాల్సిందే, మాకు కాపీ ఇచ్చినారు కాబట్టి అది పంపిణీ కిందికి వస్తుంది, జీపీఎల్‌లో సోర్స్ అంటే మార్పులు చేసుకోవడానికి వీలైన రూపం అని స్పష్టంగా ఉంది, అయాన్‌క్యూబ్ ముద్ద ఆ రూపం కాదు. కానీ ఆ లైసెన్స్ తప్పినారని కాపీరైట్ కింద నిలదీసే హక్కు ముందుగా వర్డ్‌ప్రెస్, వూకామర్స్ కోడ్ రాసినవాళ్ళది, నేరుగా మా చిన్నాయనది అని చెప్పలేం. లాయర్ దగ్గరికి పోయేకంటే మళ్ళీ రాయించుకోవడం చవక అని తేలింది, అదే చేసినాం. చిన్నాయనకి ఇప్పటికీ ఆ బాధ పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు.

కొత్త మాడ్యూల్ చూపిస్తా, చిన్నదే. మా 15 కిలోల నూనె డబ్బా కొరియర్‌లో పంపలేం, ఆర్టీసీ కార్గోలోనే పంపాలి, కస్టమర్ వాళ్ళ ఊరి బస్టాండ్‌కి వచ్చి తీసుకోవాలి. చిక్కీలూ లీటరు సీసాలూ కొరియర్‌లో పోతాయి. కార్ట్‌లో డబ్బా ఉంటే కొరియర్ రేట్లు కనిపించకుండా కార్గో ఒక్కటే కనిపించాలి. కొన్న షిప్పింగ్ ప్లగిన్‌లో ఈ పద్ధతి లేదు. జీపీఎల్ కాబట్టి దాని లోపలే మార్చే హక్కు ఉంది, కానీ అట్లా మారిస్తే తర్వాతి అప్‌డేట్ రాగానే మన మార్పు కొట్టుకుపోతుంది. అందుకని వూకామర్స్ ప్యాకేజ్ రేట్స్ అనే ఫిల్టర్ హుక్‌కి (షిప్పింగ్ రేట్లు మార్చుకోవడానికి వూకామర్స్ ఉంచిన కొక్కెం) తగిలించి విడిగా చిన్న ప్లగిన్ రాసినారు, ఒకే ఫైల్, ఒక్క స్క్రీన్‌లో పట్టేస్తుంది. ఫైల్ పైన హెడర్‌లో ప్లగిన్ పేరు, రాసినవాళ్ళ పేర్లు, కాపీరైట్ మా షాపు పేరు, లైసెన్స్ జీపీఎల్ వెర్షన్ 2 ఆర్ లేటర్. ప్రతి ముక్కకీ పైన తెలుగులో కామెంట్ రాసినారు, "డబ్బా ఉంటే కొరియర్ తీసేయ్" అని. కాపీరైట్ రాసిచ్చిన కాగితంలో కాలం, ప్రాంతం రెండూ వేసి సంతకం పెట్టినారు. చిన్నాయనకి ఒక భయం ఉండేది, జీపీఎల్ అంటే మన కోడ్ పక్క అంగడివాడికి కూడా ఇవ్వాలేమో అని. అక్కర్లేదు. మన సైట్లో మనం వాడుకుంటే పంపిణీ కాదు, నెట్లో పెట్టాలన్న రూలు ఏమీ లేదు. ఎవరికైనా కాపీ ఇస్తేనే ఆ కాపీతోపాటు హక్కులు కూడా ఇవ్వాలి.

ఇంకో సంగతి చెప్పకపోతే వీళ్ళ పని విలువ తెలియదు. బిల్లు పీడీఎఫ్ తెలుగులో కావాలని చిన్నాయన పట్టుబట్టినాడు. పీడీఎఫ్ తయారుచేసే డాంపీడీఎఫ్ అనే లైబ్రరీతో మొదట చేసి చూస్తే ఒత్తులన్నీ విడిపోయి వచ్చినాయి, "చిక్కీ" అన్న పదంలో కింద ఒత్తు పక్కకొచ్చి పడింది. ఎంపీడీఎఫ్ అనే ఇంకో లైబ్రరీలో తెలుగు అక్షరాలు సరిగ్గా కూర్చుంటాయి. కానీ దాని లైసెన్స్ జీపీఎల్ వెర్షన్ 2 మాత్రమే, "ఆర్ లేటర్" లేదు. వూకామర్స్ ఏమో వెర్షన్ 3. వెర్షన్ 2 మాత్రమే అన్న కోడ్‌ని, వెర్షన్ 3 కోడ్‌ని ఒక్కటిగా కలిపి ఇంకొకరికి ఇవ్వడానికి ఆ రెండు లైసెన్సులూ పొసగవు. మాకు అప్పజెప్పడం అంటే ఇవ్వడమే కదక్కా, అందుకని అది పెట్టం అన్నారు. మామూలుగా ఎవరైనా అయితే చూడకుండా పెట్టేసేవాళ్ళు, మాకు తెలిసేది కూడా కాదు. వీళ్ళు బిల్లుని మామూలు వెబ్ పేజీగానే చేసి, ప్రింట్‌కి సరిపోయే సీఎస్‌ఎస్ రాసి, బ్రౌజర్‌లోనే ప్రింట్ నొక్కి పీడీఎఫ్‌గా సేవ్ చేసుకునేలా పెట్టినారు. బ్రౌజర్‌కి తెలుగు బాగా వచ్చు, ఒత్తులు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, లైబ్రరీ అవసరమే లేకుండా పోయింది. ఒక మాడ్యూల్ తగ్గితే చూసుకోవాల్సిన లైసెన్స్ కూడా ఒకటి తగ్గినట్టే.

ఫాంట్లు కూడా ఆ టేబుల్‌లో ఉన్నాయి, ఫాంట్లకి లైసెన్స్ ఉంటుందని నాకు తట్టనే లేదు. హెడ్డింగులకి రామభద్ర, మామూలు రాతకి మండలి, రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నవి. వ్యాపారానికి వాడుకోవచ్చు, సైట్లో పెట్టుకోవచ్చు, ఫాంట్‌ని మాత్రం విడిగా అమ్ముకోకూడదు. మన అక్షరాలు ఇంత అందంగా గీసి ఊరికే ఇచ్చినవాళ్ళకి దండం పెట్టాలి నిజంగా. ఫోటోలు చిన్నాయన షాపులో తీసినవే కాబట్టి వాటికి బెంగ లేదు.

గోడౌన్ స్టాక్ లెక్కలకి ఏదన్నా పెట్టండి అని కూడా అడిగినాం. ఓడూ అనే వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ చూపించినారు, దాంతోపాటే దాని లైసెన్స్ పద్ధతి వర్డ్‌ప్రెస్ లాంటిది కాదని కూడా చెప్పినారు. దాని ఫ్రీ ఎడిషన్ ఓడూ కమ్యూనిటీ 2015లో వెర్షన్ 9 నుంచి ఎల్‌జీపీఎల్ (జీపీఎల్ కంటే సడలింపు ఉన్నది) వెర్షన్ 3 కింద ఉంది, అంతకుముందు ఏజీపీఎల్ (జీపీఎల్ కంటే గట్టిది). ఎల్‌జీపీఎల్ ఉన్నప్పుడు దానిమీద ఆధారపడే మాడ్యూల్‌ని రాసినవాళ్ళు తమకి నచ్చిన లైసెన్స్ కింద ఇవ్వొచ్చు. అందుకే ఓడూ స్టోర్‌లో కొనే మాడ్యూల్స్ చాలావాటికి ఓపీఎల్-1 అనే సొంత లైసెన్స్ ఉంటుంది. కొన్నవాళ్ళు వాడుకోవచ్చు, తమకోసం మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వడం, అమ్మడం కుదరదు. ఓడూ కమ్యూనిటీ అసోసియేషన్ వాళ్ళ మాడ్యూల్స్ ఎక్కువ ఏజీపీఎల్. ఇది ఇంకో అడుగు ముందుకుపోతుంది, కోడ్ మార్చి నెట్‌వర్క్ మీద జనాలతో వాడిస్తే కాపీ ఇవ్వకపోయినా సరే వాడేవాళ్ళకి సోర్స్ అందుబాటులో పెట్టాలి. మాడ్యూల్ ఫోల్డర్‌లో మానిఫెస్ట్ ఫైల్ అని ఉంటుంది, అందులో లైసెన్స్ అన్న ఒక్క లైను చూస్తే చాలు ఏదేందో తెలిసిపోతుంది. ఏజీపీఎల్ మాడ్యూల్ మీద ఆధారపడే ఓపీఎల్ మాడ్యూల్ ఎవరైనా అమ్మితే కొనొద్దండి, ఆ రెండూ కలవవు అని కూడా చెప్పినారు. ఇట్లాంటిదే ఈఆర్‌పీనెక్స్ట్ అని మన ముంబై వాళ్ళు చేసింది కూడా చూపించినారు, అది జీపీఎల్ వెర్షన్ 3, దానికి పునాదిగా ఉన్న ఫ్రాపే ఫ్రేమ్‌వర్క్ ఎంఐటీ లైసెన్స్, దాంట్లో షరతులు చాలా తక్కువ. అన్నీ చెప్పి చివరికి "మీ గోడౌన్‌కి ఇంత అక్కర్లేదన్నా, వూకామర్స్ స్టాక్ లెక్క చాలు" అన్నారు. పెద్ద పని వస్తాంటే వద్దని చెప్పేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి.

జీపీఎల్ వల్ల షాపువాళ్ళకి ఇంకో లాభం కూడా ఉంది. మాడ్యూల్ రాసినవాళ్ళు మానేసినా, అడ్డం తిరిగినా ఇంకెవరైనా అందుకోవచ్చు. వూకామర్సే 2011లో జిగోషాప్ అనే ఇంకో ప్లగిన్‌ని ఫోర్క్ చేసి పుట్టింది. 2024 అక్టోబర్‌లో వర్డ్‌ప్రెస్ వాళ్ళకీ, వర్డ్‌ప్రెస్ సైట్లు హోస్ట్ చేసే డబ్ల్యూపీ ఇంజిన్ వాళ్ళకీ గొడవ కోర్టుకెక్కినప్పుడు డబ్ల్యూపీ ఇంజిన్ వాళ్ళదైన అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ ప్లగిన్‌ని వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో సెక్యూర్ కస్టమ్ ఫీల్డ్స్ అని పేరు మార్చి ఫోర్క్ పెట్టేసినారు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు, అప్పటికే వాడుతున్నవాళ్ళకి అప్‌డేట్ రూపంలో వేరేవాళ్ళ కోడ్ రావడం భయం వేసే విషయమే. కానీ కోడ్ తీసుకుని నడిపే హక్కు మాత్రం ఆ లైసెన్స్ ఇచ్చిందే. అందుకే మా టేబుల్‌లో ప్రతి ప్లగిన్ ఎక్కడినుంచి అప్‌డేట్ తెచ్చుకుంటుందో కూడా రాయించుకున్నా, అది నేను అడిగి వేయించిన కాలమ్.

ఇక లోపాలు. పని మెల్లగా అయింది, చెప్పిన టైం కంటే బాగా ఆలస్యం, దసరా ఆర్డర్లకి అందుతుందనుకున్నది అందలేదు. సాయంత్రం ఏడు దాటితే ఫోన్ ఎత్తరు. రేటు ఊర్లో మిగతావాళ్ళకంటే ఎక్కువే. కొన్నవాటి కీలన్నీ మన పేరు మీద కొనిస్తారు కాబట్టి ఆ ఖర్చు వేరేగా కనిపిస్తుంది, ఒక కీతో పది షాపులు నడిపేవాళ్ళ కొటేషన్ పక్కన పెడితే తప్పకుండా ఎక్కువ అనిపిస్తుంది. లైసెన్సుల కాగితం మొదట ఇంగ్లీషులో ఇచ్చినారు, చిన్నాయన కోసం తెలుగులో ఇవ్వమంటే మళ్ళీ కొన్ని వారాలు పట్టింది. ఏటా మెయింటెనెన్స్‌కి వేరే కట్టాలి. అది మాత్రం నాకు అన్యాయం అనిపించలేదు, జీపీఎల్‌లోనే గ్యారంటీ ఏమీ లేదని రాసి ఉంటుంది, సైటు పడిపోతే లేపేది లైసెన్స్ కాదు, మనిషే.

మీరు ఎవరితో చేయించుకున్నా కొటేషన్ అప్పుడే మూడు అడగండి. ప్రతి మాడ్యూల్ లైసెన్స్ పేరు రాసిస్తారా, కీలు మా ఈమెయిల్ మీద కొంటారా, మాకోసం రాసే కోడ్ ఎన్‌కోడ్ చేయకుండా కాపీరైట్ రాసిస్తారా. బిల్లు కట్టేసినాక అడిగితే జవాబు ఇంకోలా ఉంటుంది.

ప్రస్తుతానికి ట్యాలీకి ఆర్డర్లు పంపే మాడ్యూల్ ఒకటి మిగిలుంది. చూపించిన రెండిట్లో ఒకటి జీపీఎల్, చవక, రాసినాయన అప్‌డేట్ చేసి చాలా రోజులైంది. ఇంకోటి బాగా పనిచేస్తాంది కానీ కోడ్ వాళ్ళ సర్వర్‌లోనే ఉంటుంది, నెలనెలా కట్టాలి, మానేస్తే ఆ రోజే ఆగిపోతుంది. చిన్నాయన మొదటిదే తీసుకుని వీళ్ళతో సరిచేయించుకుందాం అంటాండాడు, నాదీ అదే మాట. సంక్రాంతి తర్వాత మొదలుపెడతామన్నారు, అది టైంకి అయితే ఆ మిగిలిన అర స్టార్ కూడా ఇచ్చేస్తా.